పూలమ్మ ఆవు ఎముక నమిలిన సంవత్సరం

పుంగనూరు చుట్టుపక్కల ఈ మధ్య కట్టిన ఇళ్ళలో చాలావాటిలోకి యజమాని కంటే ముందు కాలు పెట్టింది బుడ్డమ్మే. బుడ్డమ్మ మనిషి కాదు, ఆవు. మనిషి నడుము దాకా కూడా రాని పుంగనూరు ఆవు. గృహప్రవేశానికి మామూలు ఆవును పిలిస్తే ఎన్ని తిప్పలో పడినవాళ్ళకే తెలుసు. గుమ్మంలో ఇరుక్కుంటుంది, నున్నటి టైల్స్ మీద జారుతుంది, మేళం మోగగానే బెదిరి పంతులుగారి కలశం మీదికే వస్తుంది. బుడ్డమ్మకు అలాంటి వేషాలు లేవు. చుట్టాలింటికి వచ్చిన పెద్ద ముత్తైదువలాగా తల వంచుకుని లోపలికి వెళ్ళి, హాలు చూసి, వంటిల్లు చూసి, పూజగది ముందు కాసేపు నిలబడి, వచ్చిన దారినే బయటికి వచ్చేది. అందుకే ముహూర్తం పెట్టుకున్నవాళ్ళు మేస్త్రీ చేత ఆఖరి రంగు వేయించకముందే పూలమ్మకు ఫోన్ చేసేవాళ్ళు.

పూలమ్మది పెద్దపంజాణి మండలంలో ఒక చిన్న ఊరు. పుట్టింది మాత్రం కుప్పం వైపు, శాంతిపురం దగ్గర. తండ్రి క్వారీలో రాళ్ళు కొట్టి బిడ్డల్ని సాకిన మనిషి. గంగులయ్యను కట్టుకుని ఈ ఊరొచ్చాక ఆమెకు అత్త నారాయణమ్మ దగ్గర దొరికినవి రెండు: తిట్లు, ఆవు. తిట్లు రోజూ దొరికేవి. ఆవు మాత్రం నారాయణమ్మ మంచం పట్టిన ఏడు దొరికింది. కొడుకును పిలవకుండా కోడల్ని పిలిచి, బుడ్డమ్మ తల్లి మెడలోని పలుపు ఆమె చేతిలో పెట్టి, "ఇది నీది" అంది ముసలామె. అంతే అంది. ఆ ఇంట్లో తనకంటూ ఒకటి దక్కడం పూలమ్మకు అదే మొదలు. ఆ తర్వాత బుడ్డమ్మ పుట్టింది, తల్లి పోయింది. పలుపు మారిందిగానీ పట్టుకున్న చెయ్యి మారలేదు.

మనిషి మంచిదే. కానీ గర్వం ఉంది. ఆ గర్వమంతా గడ్డి దగ్గర. గంగులయ్య బోరు కింద టమేటా వేస్తాడు. మదనపల్లె మార్కెట్టుకు పోయే పంట కదా, బస్తాల కొద్దీ ఎరువు వేస్తాడు, మందు కొడతాడు. ఆ టమేటా చేనుకు, బుడ్డమ్మ మేసే మెట్ట చేనుకు నడుమ ఒకే ఒక గట్టు. ఆ గట్టుకు ఇవతల ఏ ఎరువు బస్తా విప్పడానికీ పూలమ్మ ఒప్పుకోలేదు. టమేటా చేలో కలుపు తీసిన గడ్డి పచ్చగా, ఏపుగా ఉన్నా సరే, ఆవు ముందు పడనిచ్చేది కాదు. "మందు ఎరగని గడ్డి తినే ఆవు నాది" అని గృహప్రవేశానికి వెళ్ళిన ప్రతి ఇంట్లో చెప్పేది. వినేవాళ్ళకు అది మంత్రం కంటే బాగుండేది.

పేడ సంగతీ అంతే. పుంగనూరు ఆవు పేడతో చేసిన పిడకలు హోమాలకు శ్రేష్ఠమని బెంగుళూరు నుంచి కారు వేసుకుని వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. అమ్మగా మిగిలింది గృహప్రవేశాల్లో గడపలు అలకడానికి పంచేది. బుడ్డమ్మ వేసిన ప్రతి పిడికెడు పేడా ఎక్కడో ఒక మంచి చోటికి పోయేది, ఒక్క ఆ మెట్ట చేనుకు తప్ప. ఏళ్ళ తరబడి ఆ నేల గడ్డి ఇచ్చింది. ఎవరూ దానికి తిరిగి ఏమీ ఇవ్వలేదు. ఇది పూలమ్మకు తోచలేదు. గంగులయ్యకు తోచినా టమేటా ధర తప్ప ఇంకోటి మాట్లాడే మనిషి కాదు.

బుడ్డమ్మ మాత్రం చెబుతూనే ఉంది, తనకు వచ్చిన పద్ధతిలో. తీగ మీద ఆరేసిన పంచె నమిలింది. వాకిట్లో చెప్పు నమిలింది. సున్నం గోడ నాకి నాకి ఒకచోట ఇటుక బయటపెట్టింది. పూలమ్మ ప్రతిసారీ "అల్లరి ముండా" అని ముద్దుగా ఒక దెబ్బ వేసి నవ్వుకునేది. చేలో కట్టేస్తే అది ఎప్పుడూ టమేటా గట్టు వైపే తాడు లాగేది. గట్టు మీద, ఎరువు నీళ్ళు ఊరిన చోట, గడ్డి నల్లగా మెరిసేది. అటు పోనివ్వకుండా పూలమ్మ తాడు బిగించి ఇవతలికి లాగేది. "ఆ విషం నీకొద్దు లేమ్మా" అనేది.

సరే, ఎముక సంగతికి వద్దాం.

పుంగనూరులో ఎరువుల అంగడి మధుసూదన్ కొత్త ఇల్లు కట్టాడు. మాఘమాసంలో తెల్లవారుజాము ముహూర్తం. పూలమ్మ బుడ్డమ్మ కొమ్ములకు పసుపు రాసి, మెడలో గంట కట్టి, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వచ్చింది. మధుసూదన్ వాకిట్లోనే ఎదురొచ్చి సరదాగా అన్నాడు.

"ఏమక్కా, ఊరోళ్ళంతా మా అంగడికి వస్తారు. నువ్వొక్కదానివే రావు. మా బస్తాల మీద అంత కోపమా?"

"నీ బస్తాలు నీ దగ్గరే పెట్టుకోప్పా. నా ఆవు మందు ఎరగని గడ్డి తింటాది. అందుకే కదా నీ ఇంట్లోకి అది ముందర పోతాండాది, నువ్వు ఎనక పోతాండావు" అంది పూలమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మధుసూదన్ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు కొంచెం తక్కువగా ఉంది.

ప్రవేశం చక్కగా జరిగింది. బుడ్డమ్మ అన్ని గదులూ తిరిగింది. తర్వాత అందరూ పాలు పొంగించడం చూడ్డానికి వంటింట్లో గుమిగూడారు. మధుసూదన్ భార్య రేవతి పసుపు కుంకుమ ఇవ్వడానికి పూలమ్మను లోపలికి పిలిచింది. పూలమ్మ ఆవును ఇంటి పక్క సందులో, మేస్త్రీలు వదిలిపోయిన ఇసుక కుప్ప దగ్గర కట్టేసి వెళ్ళింది. స్లాబు వేసిన రోజు పనివాళ్ళకు అక్కడే బిర్యానీ పెట్టారు. ఇసుకలో ఏమేం పూడి ఉన్నాయో ఎవరు చూశారు?

మధుసూదన్ మేనత్త సరస్వతమ్మ ఆవు తోకకు దండం పెట్టుకోవడానికి సందులోకి వచ్చింది. వచ్చినామె కెవ్వుమంది. అందరూ పరుగెత్తారు. బుడ్డమ్మ తల పైకెత్తి, కళ్ళు సగం మూసుకుని, నోట్లో ఒక పొడుగాటి ఎముక పెట్టుకుని నములుతోంది. ఎముక కొన చుట్ట కాలుస్తున్న ముసలాయన నోట్లో చుట్టలాగా బయటికి పొడుచుకుని ఉంది. కటకటమని చప్పుడు. చొంగ కారుతోంది. అంత హాయిగా బుడ్డమ్మ పచ్చగడ్డి కూడా తిని ఉండదు.

పంతులుగారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. శాంతి చేయాలన్నారు. మధుసూదన్ ముఖం ఎర్రబడింది.

"ఏమక్కా! నువ్వు దీనికి ఏం పెడ్తాండావు?" అని అరిచాడు.

 ఇంతసేపూ పూలమ్మ నాలుక చివర ఉన్న మంత్రం ఎటు పోయిందో తెలియలేదు. ఎముకను నోట్లోంచి లాగబోతే బుడ్డమ్మ ఇవ్వలేదు. గట్టిగా పెనుగులాడి లాక్కుని, ఆవును ఆటో ఎక్కించి, ముఖం పైట కొంగులో దాచుకుని ఇంటికి వచ్చింది. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది.

అంత పరుగులోనూ ఒక మహానుభావుడు ఫోన్‌లో వీడియో తీయడం మరిచిపోలేదు. సాయంత్రానికి అది ఊళ్ళు తిరిగింది. శాంతిపురం నుంచి చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, మీ ఆవు ఫోన్లో కనిపిచ్చాండాదే!" అంది. మంచి మాట చెప్పడానికి ఎప్పుడూ అంత తొందరపడింది లేదు ఆ చెల్లెలు. చేతబడి అన్నవాళ్ళున్నారు. పోయిన జన్మలో కుక్క అన్నవాళ్ళున్నారు. ముహూర్తాలు పెట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఫోన్ చేసి, "వేరే ఆవును మాట్లాడుకున్నాంలేమ్మా" అని చల్లగా చెప్పారు. పిడకల కారు కూడా రావడం మానేసింది.

పూలమ్మ నిమ్మకాయలు కట్టింది. దిష్టి తీసింది. ఏదీ పని చేయకపోతే బోయకొండ గంగమ్మకు మొక్కుకుంది. మొక్కు మంచిదే. ఆవును వెంటబెట్టుకుని పోవడమే పొరపాటు. గంగమ్మకు కోడినో మేకనో ఇచ్చి, చెట్ల కింద వండుకుని తిని రావడం ఆ కొండ దగ్గర ఆచారమని ఈ సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. పూలమ్మకు తెలియక కాదు. కానీ మనసు విరిగిన మనిషికి తెలిసిన సంగతులు వేళకు గుర్తుకు రావు. ఆటో దిగిన బుడ్డమ్మ గాలి ఒకసారి పీల్చి, గుడి మెట్లు వదిలేసి, తిన్నగా ఎవరో తిని పారేసిన విస్తరాకుల దగ్గరికి నడిచింది. ఎవరి మొక్కు తీరిందో కానీ బుడ్డమ్మ మొక్కు మాత్రం తీరింది. గంగులయ్య తలకు చుట్టిన తువ్వాలు విప్పి ముఖం మీద కప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆయన మొదటిసారి టమేటా కాని మాట ఒకటి అన్నాడు. "వచ్చే సంతకు తోలుకపోతా. ఈ ఆవు ఇంగ మనకొద్దు."

"మీ అమ్మ నా చేతికిచ్చిన ఆవు బిడ్డది."

"మా అమ్మ ఇచ్చిన ఆవు ఎముకలు నమల్లేదు కదమ్మే."

 బుడ్డమ్మ నడక కూడా పూలమ్మకు దిగులు పుట్టిస్తోంది. ముందరి కాళ్ళు బిగపట్టుకుని, ముళ్ళ మీద నడిచినట్టు నడుస్తోంది. చాన్నాళ్ళుగా ఎదకు రాలేదు. వెంట్రుక గరుకుగా లేచి ఉంది. ఇలాంటి ఆవును సంతలో కొనేవాడు ఎవడో, ఎందుకు కొంటాడో ఆమెకు తెలుసు. ఆ రోజు పశువుల కొట్టంలోనే చాలాసేపు కూర్చుంది.

సంతకు ముందు గాలికుంటు టీకాలు వేయడానికి పశువుల డాక్టరమ్మ జెమీమా ఊళ్ళోకి వచ్చింది. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఆమె కూతురు. ఎముకలన్నా నెత్తురన్నా జడిసే ఇంట్లో పుట్టలేదు. పూలమ్మ బుడ్డమ్మను దాచి పెట్టాలనుకుంది గానీ డాక్టరమ్మే కొట్టంలోకి వచ్చేసింది. వచ్చీ రాగానే ఇటుక తేలిన గోడ చూసింది, కొరికేసిన చెప్పు చూసింది, ఆవు కీళ్ళు తడిమింది.

"ఇది ఎముకలు కూడా నములుతుందా?" అని అడిగింది, మేత తింటుందా అని అడిగినంత మామూలుగా.

పూలమ్మ ఆవుకు అడ్డం వచ్చింది. "మీ ఫోన్లో కూడా చూసినారా డాక్టరమ్మా?"

"ఫోన్లో ఎందుకమ్మా, ఒంట్లోనే కనపడతా ఉంది. దీనికి దయ్యమూ లేదు, చేతబడీ లేదు. ఆకలి."

ఆ మాటకు పూలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆకలా? నా ఆవుకా? నేను తినకుండా దానికి పెట్టిన దినాలు ఉండాయి, తెల్సునా మీకు? కడుపు సూడండి, ఎట్ల నిండుకోని ఉండాదో!"

జెమీమా కోపం తెచ్చుకోలేదు. పక్కనున్న రుబ్బురోలు మీద కూర్చుంది. "కడుపు నిండే ఉంది పూలమ్మా. నేను కాదనలేదు. భాస్వరం అని ఒకటి ఉంటుంది. ఎముకకు బలం దానితోనే, పాలకు దానితోనే, కడుపు పండడానికీ అదే కావాలి. ఆవుకు అది మేతలో రావాలి, మేతకు నేలలో నుంచి రావాలి. మేతలో లేకపోతే ఆవు తన ఎముకల్లో ఉన్నది కరిగించుకుంటుంది. అదీ చాలకపోతే ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటుంది. పాపం, దానికి అంగడి తెలీదు కదా. ఎముక కనపడితే ఎముకే నములుతుంది. ఇక్కడొక ప్రమాదం కూడా ఉంది. కుళ్ళిన ఎముకలో విషం చేరితే మెడ వాలిపోయి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. అందుకే చెబుతా ఉన్నా. ఇది ఎక్కడ మేస్తుందో ఒకసారి చూపించు."

చేను చూడ్డానికి గంగులయ్యతో కలిసి ముగ్గురూ వెళ్ళారు. బుడ్డమ్మను కూడా తోలుకుని వెళ్ళారు. ఎర్రమట్టి చేను. గడ్డి చీలమండ దాటి ఎదగలేదు, ఆకుల అంచులు ఊదారంగుకు తిరిగి ఉన్నాయి. గట్టుకు అవతల టమేటా మొక్కలు మనిషి మోకాలి పైకి లేచి ఉన్నాయి. పూలమ్మ పలుపు వదిలిందో లేదో బుడ్డమ్మ బిగుసుకున్న కాళ్ళతోనే గబగబా గట్టు దగ్గరికి నడిచి, అక్కడి నల్లగడ్డిలో మూతి పెట్టింది.

"ఎప్పుడూ అటే పోతుందా?" అంది డాక్టరమ్మ.

"ఎప్పుడూ అటే" అన్నాడు గంగులయ్య. "ఈమే లాగేస్తాది."

 పూలమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ఆ చేతులతో ఎన్నేళ్ళు లాగిందో, ఆ ఆవు ఎన్నేళ్ళు తనకు దారి చూపించబోయిందో అప్పుడు తెలిసింది. ఎండలో నిలబడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమని ఏడ్చింది. పవిత్రంగా ఉంచాలని తను ఆ ఆవును పస్తు పెట్టింది. శత్రువు చేసినా అంత బాధ ఉండేది కాదు.

జెమీమా ఖనిజాల పొడి పొట్లాలు ఇచ్చింది, రోజూ దాణాలో కలపమంది. "ఇది పెడితే ఇప్పటికి నిలదొక్కుకుంటుంది. కానీ చేను బాగుపడకపోతే బతికినన్నాళ్ళూ పొట్లాలే. నేలకు భాస్వరం ఎరువు వెయ్యాలి. ముందు మట్టి పరీక్ష చేయించండి."

"మందు వెయ్యాల్నా?" అంది పూలమ్మ. ఏడుస్తున్న మనిషి ఏడుపు ఆపి మరీ అడిగింది.

"బస్తా వద్దనుకుంటే ఎముకల పొడి ఉంటుంది. కొందరు అది కూడా వేస్తారు."

"ఎముకలా!" పూలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఆవు నోట్లో నుంచి పీకి పారేసింది చాలకనా, ఇంగ చేనుకు కూడా ఎముకలు పెట్టాల్నా?"

జెమీమాకు నవ్వాగలేదు. "అయితే సూపర్ ఫాస్ఫేట్ వెయ్యి. అది ఎముక కాదు, రాయి. గనుల్లోంచి రాయి తవ్వి, పొడి చేసి, నేలలో తొందరగా కరిగేటట్టు చేస్తారు."

"రాయా?"

"రాయే."

రాయి అన్న మాట పూలమ్మ చెవికి చుట్టంలాగా వినిపించింది. రాళ్ళు కొట్టి తెచ్చిన అన్నం తిని పెరిగిన మనిషి ఆమె. శాంతిపురం క్వారీలో తండ్రి ఒంటి మీద ఎప్పుడూ రాతిపొడే. రాయి అంటు కాదు, విషం కాదు. రాయి అయితే సరేనంది.

గంగులయ్య గొంతు సవరించుకున్నాడు. "నా టమేటాకు వేస్తే విషం. నీ గడ్డికి వేస్తే రాయి" అన్నాడు. అని ఊరుకుంటే బాగుండేది. "ఈ వానలు పోయేదాకా సూస్తాను. అప్పటికీ ఎముక ముట్టిందనుకో, సంతకే. మళ్ళా ఎవరి మాటా ఇనను" అన్నాడు.

మట్టి పరీక్షలో డాక్టరమ్మ అన్నదే తేలింది. ఇక మిగిలింది బస్తా తేవడం. పుంగనూరులో ఎరువుల అంగళ్ళు ఇంకా ఉన్నాయి. గంగులయ్య తెస్తానన్నాడు కూడా. పూలమ్మ ఒప్పుకోలేదు. మంచి చీర కట్టుకుని తిన్నగా మధుసూదన్ అంగడికే వెళ్ళింది. మాట పడిన చోటికే పోయి తేల్చుకోవాలనే రకం ఆమె.

అంగడి నిండా జనం. ఆమెను చూడగానే అందరూ ఇటు తిరిగారు. మధుసూదన్ కాయితాలు సర్దాడు.

"సూపర్ కావల్లప్పా" అంది పూలమ్మ.

"టమేటాకా అక్కా?"

"ఆవుకు."

ఎవరో కిసుక్కుమన్నారు. పూలమ్మ అటు తిరగలేదు. "ఆ దినం నువ్వు నన్నొక మాట అడిగితివి, దీనికి ఏం పెడ్తాండావని. జవాబు చెప్పలేకపోతి. ఇప్పుడు చెప్తాండా, ఇను. ఏమీ పెట్టలే. వట్టి గడ్డి పెట్టినా. గడ్డిలో సత్తువ లేదు, నేలలో సత్తువ లేదు. నేలకు నేనే పెట్టలే. తప్పు ఆవుది కాదప్పా."

 మధుసూదన్ లేచి వచ్చాడు. వ్యాపారి గనక మొదట తన సరుకు గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. ఆ తర్వాత మనిషి గనక తల గోక్కుని, "ఆ దినం నేను కూడా నోరు పారేసుకుంటిని అక్కా" అన్నాడు. బస్తాలు తనే ఆటోలో పెట్టించాడు. "పైపైన చల్లొద్దు. ఇది యాడ వేస్తే ఆడనే ఉంటాది, యూరియా మాదిరి కిందికి దిగదు. వేర్లకు అందేటట్టు మట్టిలో కలపల్ల" అని ఆటో కదిలేదాకా చెబుతూనే ఉన్నాడు.

పూలమ్మ ఆ రోజు నుంచి పిడకలు కొట్టడం మానేసింది. ఉన్న పేడంతా గుంటలో వేసి, బూడిదరంగు సూపర్ అందులో కలిపి మాగబెట్టింది. బెంగుళూరు వాళ్ళు మనసు మార్చుకుని మళ్ళీ ఫోన్ చేస్తే, "పేడ లేదప్పా, చేనుకు కావల్ల" అని పెట్టేసింది. తొలి వాన పడగానే గంగులయ్య చేను దున్నాడు. పూలమ్మ ఆ మాగిన ఎరువును సాళ్ళలో తన చేత్తోనే వేసి, డాక్టరమ్మ తెప్పించి ఇచ్చిన స్టైలో విత్తనం చల్లింది. ఉలవ, కందిలాగా కాయ కాసే జాతి గడ్డి అది, భాస్వరం దొరికితే విడవదు. చల్లాక రోజూ పొద్దున్నే పోయి చూడ్డమే పని.

మొదట్లో ఏమీ లేదు. చేను ఎర్రగా చూసింది. గంగులయ్య గట్టు మీద నిలబడి, "రాయి ఇంకా మేల్కోలేదా?" అని అడిగేవాడు. పూలమ్మ వంగి సాళ్ళు వెతుక్కునేది. వాన ఒకసారి ముఖం చాటేసింది. ఆ కొద్దిరోజులూ ఆమెకు కూడు సహించలేదు. మళ్ళీ ముసురు పట్టింది. ఆ ముసురు విడిచిన పొద్దున వెళ్ళి చూస్తే చేనంతా నేల కనపడకుండా కమ్ముకుని ఉంది. చిన్న చిన్న ఆకులు, ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పూలమ్మ చెప్పులు విడిచి చేలోకి దిగి, ఇటు చివర నుంచి అటు చివరకు నడిచింది. అంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదని తర్వాత చెల్లెలితో చెప్పింది. చెల్లెలు దాన్ని గంగులయ్యకు చేరవేసింది.

బుడ్డమ్మకు ఆ మేత కోసి వేయడం మొదలుపెట్టాక మార్పు మెల్లగా వచ్చింది. ముందు గోడ నాకడం మానింది. తర్వాత తీగ మీద పంచెలు బతికాయి. కాళ్ళు సాగాయి, వెంట్రుక నున్నబడి మెరిసింది. వానలు తగ్గేసరికి ఎదకు వచ్చింది, కట్టింది కూడా. జెమీమా వచ్చి చూసి చూలు నిలిచిందని చెప్పినప్పుడు పూలమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. టమేటా చేలో కలుపు గడ్డిని మాత్రం ఇప్పటికీ ఆవు ముందు వేయనివ్వదు. దాని మీద పురుగుల మందు పడుతుందని డాక్టరమ్మ కూడా అదే మాటన్నాక, ఆ ఒక్క విషయంలో తనే గెలిచానని గంగులయ్యకు రోజూ గుర్తు చేస్తుంది.

ఇదంతా బాగానే ఉంది. కానీ గృహప్రవేశానికి పిలిచినవాళ్ళు లేరు. ఆ వీడియో ఇంకా జనం ఫోన్లలో ఉంది. గంగులయ్య పెట్టిన షరతూ అలాగే ఉంది. బుడ్డమ్మ ఎముక ముడుతుందో లేదో తేల్చుకునే ధైర్యం పూలమ్మకు లేదు. వాకిట్లో, దొడ్లో ఒక్క ఎముక కూడా లేకుండా ఊడ్చుకుంటూ, తేలకుండా రోజులు గడిపేస్తోంది.

కార్తీకంలో మధుసూదన్ ఫోన్ చేశాడు. మదనపల్లెలో ఇంకో అంగడి తెరుస్తున్నాడు. "బుడ్డమ్మను తోలుకోని రా అక్కా. మొదటి అడుగు అదే పెట్టల్ల."

"నిజమేనా అప్పా? మీ అత్త ఒప్పుకున్నాదా?"

"మా అత్త సంగతి నేను సూసుకుంటా. మా సరుకుతో బాగుపడిన ఆవు మా అంగట్లోకి రాకపోతే ఎట్ల?"

అదీ అసలు సంగతి. వ్యాపారి బుద్ధి వ్యాపారిది. అయినా పూలమ్మకు ఆ రోజు అన్నం రుచిగా ఉంది. గంగులయ్య కూడా తనూ వస్తానన్నాడు. ఆవు కోసమా, షరతు కోసమా అని ఆమె అడగలేదు.

మదనపల్లె అంగడి మెయిన్‌రోడ్డు మీద ఉంది. గుమ్మానికి అటూ ఇటూ అరటి పిలకలు కట్టారు, మామిడాకుల తోరణం కట్టారు. లోపల గోడ పొడుగునా సూపర్ బస్తాలు పేర్చి వాటికి కూడా పసుపు బొట్లు పెట్టారు. అన్నీ చూశాడు గానీ పక్కనే బిర్యానీ హోటలు ఉందన్న సంగతి మాత్రం మధుసూదన్ ఆలోచించలేదు. మనవాళ్ళ ఏర్పాట్లు ఎప్పుడూ అంతే. బుడ్డమ్మ ఆటో దిగి పదడుగులు వేసిందో లేదో, కుక్క ఒకటి హోటలు వెనకనుంచి ఎముక కరుచుకుని వచ్చి, మేళం చప్పుడుకు బెదిరి, దాన్ని సరిగ్గా అంగడి మెట్టు ముందు వదిలేసి పారిపోయింది.

మేళం ఆగింది. సరస్వతమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. వీడియో తీసే మహానుభావులు ఈసారి ముందే ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. గంగులయ్య కళ్ళు ఎముక మీద ఉన్నాయి. పూలమ్మ చేతిలో పలుపు ఉంది. ఒక్క లాగు లాగితే ఆవు పక్కకు వస్తుంది, ఎవరూ ఏమీ అనరు. లాగడం ఆ చేతికి ఏళ్ళ అలవాటు. కానీ లాగలేదు. పలుపు వదులు చేసింది. "నీ ఇష్టం తల్లీ" అనుకుంది.

బుడ్డమ్మ తల వంచింది. ఎముకను వాసన చూసింది. ముక్కుతో బుస్సుమని ఒక ఊపిరి వదిలి, దాన్ని దాటుకుని మెట్టెక్కింది. ఎక్కి, గుమ్మానికి కట్టిన అరటి పిలకను అందుకుని ఒక్క గుంజు గుంజింది. అరటి పిలకతో పాటు మామిడాకుల తోరణం, దానితో పాటు రంగు కాగితాలు, అన్నీ మధుసూదన్ నెత్తి మీద పడ్డాయి.

జనం గొల్లుమన్నారు. సరస్వతమ్మ కూడా నవ్వింది. మధుసూదన్ నెత్తి మీద తోరణంతోనే చేతులు జోడించాడు. మేళంవాళ్ళు చెప్పకుండానే మళ్ళీ అందుకున్నారు. గంగులయ్య తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంటూ, "ఇంగ సంత మాట ఎత్తనులేమ్మే" అన్నాడు, ఎవరికీ వినపడకుండా. పూలమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

బుడ్డమ్మ అరటాకు నములుతూనే అంగడంతా తిరిగింది. బస్తాల వరస ముందు ఆగి, తోక ఎత్తి, కొత్త టైల్స్ మీద ధారాళంగా పేడ వేసింది. అంతకంటే శుభం ఏముంటుంది? రేవతి సంబరంగా పళ్ళెం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కానీ పూలమ్మ అప్పటికే నడుముకు దోపుకున్న సంచి ఒకటి తీసి కిందికి వంగింది. గడపకు పూసుకోవడానికి ఇంత ముద్ద పళ్ళెంలో పెట్టి, మిగిలిందంతా రెండు చేతులతో సంచిలోకి ఎత్తింది.

"అంతా తీసుకుంటాండావే అక్కా!" అంది రేవతి.

"నీకు పెట్టినా కదా తల్లీ" అంది పూలమ్మ, సంచి మూతి గట్టిగా ముడి వేస్తూ. "ఇది చేనుది."